బోర్లించిన చెంబు

"చెంబు చూస్కో," అన్నాడు మా ఆయన.

"చూస్కుంట గని, నువ్వు మాట్లాడకు. ఆయాసమొస్తది," అన్నాను నేను.

మేమిద్దరం ఆఖరుగా అనుకున్న మాటలు ఇవే. ఆక్లాండ్‌లో ఆస్పత్రి మంచం మీద, కిటికీలోంచి ఎండ ఆయన కాళ్ల మీద పడుతుండగా అనుకున్నవి. ముప్పై ఏళ్లకు పైగా నాతో కాపురం చేసిన మనిషి పోతూ పోతూ నా పేరు ఎత్తలేదు, బిడ్డ పేరు ఎత్తలేదు. చెంబు పేరు ఎత్తాడు. నేనేమో నోరు మూసుకొమ్మన్నాను. ఆయన నా మాట విన్నాడు. మళ్లీ మాట్లాడలేదు.

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా ఊళ్లో దయ్యం పట్టి ఊగే ఆడవాళ్లను చూసి నవ్వేదాన్ని. నాట్ల రోజుల్లో పట్టిన దయ్యం కోతలయ్యాక గానీ దిగేది కాదు. పొలానికి నీళ్లు కట్టడానికి వల్లకాడు పక్క నుంచి ఒక్కదాన్నే పోయేదాన్ని. అక్కడ నాకు కుక్కలు కనబడ్డాయి, నక్కలు కనబడ్డాయి, ఒకసారి తాగి పడుకున్న మా చిన్నమామ కనబడ్డాడు. అంతకు మించి ఏమీ కనబడలేదు.

నాకు చదువు లేదు. సంతకం గీయడం వరకే వచ్చు. నేను చెబుతుంటే నా బిడ్డ సుజాత రాస్తోంది. పుస్తకంలో మాటల్లా సరిచేసి రాస్తానమ్మా అంది. మాట తీరు మార్చుకో, జరిగింది మాత్రం మార్చకు అన్నాను. ఎందుకలా అన్నానో చివరికి తెలుస్తుంది.

చెంబు సంగతి చెప్పాలంటే మా మామ సంగతి చెప్పాలి. ఆయన పేరు నర్సయ్య. ఆయనను నేను చూడలేదు. కన్నకొడుకే చూడలేదు, ఇక నేనెక్కడ. ఆయన గురించి నాకు తెలిసిందంతా మా అత్తమ్మ రాజవ్వ చెప్పిందే.

మాది నల్లగొండ వైపు. నిజాం రాజ్యం చివరి రోజుల్లో మామ దొర గడీలో వెట్టి చేసేవాడు. గడీకి కావడితో నీళ్లు మోయడం ఆయన పని. జీతం లేదు, గాసం లేదు. ఒకనాడు గడీ వాకిట్లోనే కావడి దించి, ఎవరికీ ఏమీ చెప్పకుండా నడిచి వచ్చేశాడట. ఆ సాయంత్రమే ఊరి పోరగాళ్లతో కలిసి దళంలోకి పోయాడు. మొదట వడిసెల పట్టాడు, తర్వాత మందు కూరి పేల్చే భర్మారు తుపాకి పట్టాడు. అడవిలో బండ మీద బొగ్గుతో గీసి ఎవరో ఆయనకు అక్షరాలు నేర్పారట. మా ఇంట్లో చదువు వచ్చిన మొదటి మనిషి ఆయనే. అది కూడా తుపాకి పక్కన పెట్టుకుని నేర్చుకున్న చదువు.

అది ఎక్కడి నుంచో వచ్చిన శత్రువుతో చేసిన యుద్ధం కాదు. ఊరే రెండుగా చీలింది. మామ చిన్నాయన కొడుకు రజాకార్లకు దారి చూపించేవాడు. ఇద్దరూ ఒకే కంచంలో తిని పెరిగినవాళ్లు. రజాకార్లు మామ ఇల్లు కాలబెట్టిన రోజు ఏ ఇల్లో చూపించింది ఆ తమ్ముడే. తర్వాత పటాలాలు వచ్చాయి, నిజాం లొంగిపోయాడు. అయినా మా వైపు పోరు ఆగలేదు. దున్నుకున్న భూములు దొరలకు తిరిగి ఇచ్చేది లేదని దళాలు అడవిలోనే ఉండిపోయాయి. అదే తమ్ముడు ఈసారి పోలీసులకు దారి చూపించాడు.

అతనికి మామ దగ్గు తెలుసు, నడక తెలుసు, ఈల వేసే తీరు తెలుసు. అందుకే మామ ఇంటికి వచ్చిపోవడానికి మాటను గానీ, ఈలను గానీ గుర్తు పెట్టుకునే వీలు లేకపోయింది. అప్పుడు అత్తమ్మ ఒక ఉపాయం ఆలోచించింది. కాలిన ఇంటికి మళ్లీ కప్పు వేసుకుని ఉంటోంది కదా, దాని వెనక దర్వాజ దగ్గర అరుగు మీద రాగి చెంబు పెట్టేది. నీళ్లు పోసి నిలబెట్టి ఉంటే ఊళ్లో పోలీసులు లేరు, రమ్మని. బోర్లించి ఉంటే ఉన్నారు, రావద్దని. ఎవరు చూసినా తోమిన చెంబు ఆరబెట్టింది అనుకుంటారు. ఆ గుర్తుతో చాలాసార్లు వచ్చాడు మామ. చెంబులో నీళ్లు తాగి, లోపలికొచ్చి, గటక తిని, చీకటి పోకముందే వెళ్లేవాడు.

అత్తమ్మకు నెలలు నిండాయి. ఒక సాయంత్రం చెంబు కిలుం పట్టిందని చింతపండు పెట్టి తోమింది. తోమి, ఆడవాళ్లు ఎవరైనా చేసేదే చేసింది. నీళ్లు ఓడడానికి బోర్లించింది. మళ్లీ నిలబెట్టేలోపే నొప్పులు వచ్చాయి. మంత్రసాని వచ్చింది. కోడి కూసే వేళకు మా ఆయన పుట్టాడు. ఆనాడు ఊళ్లో ఒక్క పోలీసు కూడా లేడు.

తెల్లవారాక మంత్రసాని బయటికి పోయి వచ్చి చెప్పింది, వాకిట్లో చెప్పుల అడుగులు ఉన్నాయని. ముందు రోజు వాన పడి నేల మెత్తగా ఉంది. అత్తమ్మ పచ్చి బాలింత, గోడ పట్టుకుని పోయి చూసింది. మామ చెప్పుల్లో ఎడమ మడమ కిందనే ఇనుప నాడా ఉండేది. కుడిది అడవిలో ఊడిపోయింది. ఆ ఎడమ నాడా గుర్తు మట్టిలో నెలవంకలా దిగి ఉంది. కంచె దగ్గర నుంచి అరుగు దాకా వచ్చాయి అడుగులు. అరుగు ముందు చాలాసేపు నిలబడినట్టు మట్టి అణిగి ఉంది. తర్వాత తిరిగి కంచె వైపు పోయాయి.

ఆయన నిలబడ్డ చోటికీ పిల్లవాడికీ మధ్య ఒక మట్టి గోడ. లోపల పసివాడు ఏడుస్తుంటే విన్నాడో లేదో తెలియదు. చెంబు వద్దన్నది, వెళ్లిపోయాడు.

ఆ తర్వాత మామ జాడ లేదు. ఫలానా గుట్ట దగ్గర కాల్చేశారన్నారు కొందరు. జైల్లో పోయాడన్నారు కొందరు. శవం మాత్రం ఎవరూ చూపించలేదు. అత్తమ్మ బొట్టు తీయలేదు, గాజులు పగలగొట్టలేదు. పెళ్లిళ్లలో ఆమెను చూసి ఆడవాళ్లు మూతులు తిప్పేవాళ్లు. మొగుడు లేని ముత్తయిదువ అని ముఖం మీదే అనేవాళ్లు. అలా అన్న ఒకామెతో అత్తమ్మ నా ఎదుటే అంది: "శవం సూపియ్యున్రి, తుడుస్తా." ముసలిదై చనిపోయే దాకా పొద్దుగూకగానే చెంబు నింపి వెనక అరుగు మీద పెట్టింది. నేనే ఆమెకు పసుపు రాసి, కుంకుమ పెట్టి సాగనంపాను.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో తోమిన గిన్నెలతో పాటు ఆ చెంబు కూడా బోర్లించాను. పుట్టింట్లో నేర్చుకున్న పని అది. అత్తమ్మ ఒక్క తిట్టు తిట్టలేదు. పరుగున వచ్చి చెంబు నిలబెట్టి, దాని పక్కనే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఏ గిన్నె అయినా బోర్లిస్తాం, ఆ చెంబును మాత్రం గుడ్డతో తుడిచి నిలబెడతాం.

అత్తమ్మ పోయాక ఆ పని మా ఆయన తీసుకున్నాడు. నవ్వులాటకు ఎన్నోసార్లు అన్నాను, మీ నాయిన ఇంకా బతికుంటే నడిచి రావడానికి కర్ర కావాలి, చెంబు కాదు అని. ఆయన నవ్వేవాడు కాదు. "నేను పుట్టిన పొద్దే మా నాయిన మర్లిపోయిండు. మల్లొస్తే నేనే ఎదురుగ వోత," అనేవాడు.

మనవరాలు పుట్టిందని సుజాత మమ్మల్ని న్యూజిలాండ్ రప్పించింది. ఆయన బట్టల మధ్య చెంబు పెట్టుకుని వచ్చాడు. ఇక్కడి ఎయిర్‌పోర్టులో మట్టి అంటే భయం. పెట్టెలు విప్పి, పచ్చళ్లు విప్పి, చివరికి చెంబు తీశాడు ఆఫీసరు. ఇదేమిటి అన్నాడు. మా ఆయన తనకు వచ్చిన రెండు ఇంగ్లీషు ముక్కలు కలిపి "ఫాదర్ వాటర్" అన్నాడు. అతను అందులో అస్థికలు ఉన్నాయనుకున్నట్టున్నాడు, ముఖం మెత్తబడింది. అడుగున మట్టి ఉందేమో చూడ్డానికి చెంబును బోర్లించబోయాడు. మా ఆయన అతని చెయ్యి పట్టేసుకున్నాడు. ఇంకో ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు. వెనకాల నిలబడ్డ హైదరాబాదు పిల్లవాడెవరో ఇంగ్లీషులో నచ్చజెప్పాడు. చివరికి బోర్లించి చూసి, మట్టి లేదని ఇచ్చేశారు.

ఆ రాత్రి ఆయన నిద్రపోలేదు. "గడప కాడ బోర్లిస్తెనే గుర్తు. ఎయిర్‌పోర్టు ఏమన్న మన ఇల్లా?" అన్నాను. అప్పుడు కొంచెం తేరుకున్నాడు.

ఆక్లాండ్‌లోనే పాపటోయిటోయి అనే పేటలో మా అద్దె ఇల్లు, దానికి వెనక మెట్టు ఉంది. మెట్టు ముందు సిమెంటు పలకలు, ఆ తర్వాత గడ్డి, చివర మనిషెత్తు చెక్క కంచె. ఆ వైపు గేటు లేదు. పొద్దుగూకగానే ఆయన చెంబు నింపి ఆ మెట్టు మీద పెట్టేవాడు. పక్కింటి కమల ఫిజీ మనిషి, నా ఈడుదే. నాకు వచ్చిన కొంచెం ఉర్దూతో, ఆమె ఫిజీ హిందీతో ఇద్దరం బాగానే ముచ్చట్లు పెట్టుకునేవాళ్లం. పక్షులకు రాగి చెంబుతో నీళ్లు పెట్టే మహరాజును ఈయననే చూశానని నవ్వేది. నేను అసలు సంగతి చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది.

ఆయనకు షుగరు. వచ్చిన రెండో ఏడు కుడి కాలి చిటికెన వేలు తీసేశారు. తర్వాత కిడ్నీలు పోయాయి. మనకు ఆషాఢం వచ్చేసరికి ఇక్కడ గట్టి చలి. ఆ చలిలోనే, పట్టపగలు, నేను మొదట చెప్పిన ఆ రెండు మాటలయ్యాక గంటకో రెండు గంటలకో పోయాడు. మనిషిని ఇంటికి ఇవ్వలేదు. ఇక్కడ శవాన్ని చూసుకునేవాళ్లు వేరే ఉంటారు, వాళ్లు తీసుకుపోయారు. మేము ఉత్త చేతులతో ఇంటికి వచ్చాం.

కమల అప్పటికే మా ఇంట్లో ఉంది. తాళంచెవి ఆమె దగ్గర ఒకటి ఉండేది. చుట్టాలు వస్తారని ఇల్లంతా ఊడ్చి, అంట్లన్నీ తోమి పెట్టింది. ఆ కష్టంలో అంత చేసిన మనిషి మీద నాకు ఈ రోజుకీ కోపం లేదు. వెనక తలుపు తీసి చూశాను. చెంబు తళతళా మెరుస్తోంది. మెట్టు మీద బోర్లించి ఉంది.

మొగుడు పోయిన దుఃఖం ఒకటి, ఇది ఇంకొకటి. ఆ మనిషి ప్రాణం పోతూ ఒక్క పని చెప్పాడు. ఆస్పత్రి నుంచి ఆయన ఇంటికే వచ్చి ఉంటాడు, ఇంకెక్కడికి పోతాడు? నాయినకు వద్దని చెప్పిన గుర్తే కొడుక్కీ చెప్పి ఉంటుంది. దయ్యాలు లేవన్నదాన్ని, నాకే ఈ ఆలోచన వచ్చింది. నేనేమి చేసేది? చెంబు నిలబెట్టాను. నిండా నీళ్లు పోశాను. పోసి, మెట్టు మీద కూర్చుని, ఊళ్లో పోలీసులు లేరయ్యా, రా, అని పైకే అన్నాను. సుజాత వచ్చి నన్ను లోపలికి తీసుకుపోయింది.

తెల్లారింది. నేను వెనక తలుపు తీశాను.

మంచు కురిసి గడ్డి అంతా ఉప్పు చల్లినట్టు తెల్లగా ఉంది. సిమెంటు పలకల మీద కూడా సన్నని పొర. ఆ తెలుపులో కంచె దగ్గర నుంచి మెట్టు దాకా అడుగులు ఉన్నాయి. గడ్డి మీద వట్టి మచ్చలు. పలకల మీద మాత్రం తేటగా ఉన్నాయి. చెప్పుల అడుగులు. ఎడమ మడమ దగ్గర నెలవంక. కుడి మడమ దగ్గర ఏమీ లేదు.

మెట్టు ముందు మంచు అణిగిపోయి ఉంది, ఎవరో నిలబడినట్టు. అక్కడి నుంచి చెప్పుల అడుగులు తిరిగి కంచె వైపు పోయాయి. పోయేటప్పుడు వాటి పక్కన ఇంకో జత ఉంది. ఉత్త కాళ్లవి. అవి కంచె నుంచి రాలేదు. మా మెట్టు దగ్గరే మొదలయ్యాయి. కుడి పాదానికి నాలుగు వేళ్లే ఉన్నాయి.

చెంబు నిలబడే ఉంది. అంత చలికి అందులో నీళ్లు గడ్డకట్టి ఉండాలి. లోపల చుక్క లేదు. చుట్టూ ఒలికిన జాడ కూడా లేదు.

వెనక నుంచి సుజాత టీ కప్పు పట్టుకుని వచ్చింది. "అమ్మా, సల్లగున్నది, ఉత్త కాళ్లతోని..." అని మధ్యలోనే ఆగిపోయింది. నేను ఆమె ముఖం చూశాను. కప్పు గట్టు మీద పెట్టింది. మెట్టు దిగింది. దిగేటప్పుడు ఆ అడుగుల మీద కాలు పెట్టలేదు, పక్కకు జరిగి దిగింది. వంగి చెంబు తీసి లోపలికి చూసింది. చూసి, మళ్లీ ఎక్కడ ఉందో అక్కడే, నిలబెట్టే పెట్టింది.

కంచె మీదుగా ఎండ వచ్చింది. మేమిద్దరం చూస్తుండగానే అంతా కరిగి తడి గడ్డి అయిపోయింది.

మా అల్లుడు రమేశ్ వేకువనే ముందు వాకిలి నుంచి కారులో అంత్యక్రియల పని మీద పోయాడు. తిరిగి వచ్చేసరికి చూడ్డానికి ఏమీ లేదు. మంచివాడు, నన్ను కొట్టిపారేయలేదు. తన బూట్లు తెచ్చి అడుగులు చూపించాడు, మడమ దగ్గర ఏ గుర్తూ లేదు. కమల ఇంటికి పోయి అడిగి వచ్చాడు, వాళ్లెవరూ రాలేదు. ఇక్కడ పోసమ్ అని పిల్లికి పెద్దగా ఉండే జంతువు తిరుగుతుంది. అదే కంచె దూకి వచ్చి నీళ్లు తాగి ఉంటుంది అత్తమ్మా అన్నాడు.

"అది చెప్పులు తొడుక్కుంటదా నాయినా?" అన్నాను.

మొగుడు పోయిన దుఃఖంలో నా కళ్లే నన్ను మోసం చేసి ఉండొచ్చు. ఆ మాట నేనే ఒప్పుకుంటాను. అత్తమ్మ చెప్పిన అడుగులు ఏళ్ల తరబడి వినీ వినీ మంచులో వాటినే చూసుకున్నానేమో. కానీ అత్తమ్మ చెప్పిన కథలో ఉత్త కాళ్ల అడుగులు లేవు. నాలుగు వేళ్ల పాదం లేదు. మరి నీళ్లు ఎవరు తాగారు? చూసింది నేను ఒక్కదాన్నే అయితే ఇదంతా రాయించేదాన్ని కాదు.

తర్వాత నేను బొట్టు తీసేశాను. అత్తమ్మలా మొండికేయడానికి నాకు వీలు లేదు, నాకు శవం చూపించారు. చెంబు మాత్రం రోజూ నింపి పెడుతున్నాను. ఆ ఒక్కనాడు తప్ప మళ్లీ ఎప్పుడూ ఖాళీ కాలేదు. చలి రోజుల్లో పొద్దున్నే చూస్తే పైన అద్దం ముక్కలా మంచు పేరుకుని ఉంటుంది. దాన్ని వేలితో పగలగొట్టి నీళ్లు మొక్కలకు పోస్తాను.

ఇప్పుడు రమేశ్‌కు టౌరంగాలో పని దొరికింది. ఈ ఇల్లు వదిలి పోతున్నాం. సామాను కట్టడం అయిపోయింది, చెంబు ఒక్కటే మెట్టు మీద ఉంది. మేము లేని ఇంటికి ఎవరూ రాకూడదంటే, మా ఇంటి భాషలో ఆ మాట చెప్పడానికి ఒక్కటే దారి ఉంది. చెంబు బోర్లించాలి. అది నా చేతులతో కాదు. అలాగని బోర్లించకుండా పట్టుకుపోతే, ఎవరైనా వచ్చి వెతుక్కుని పోరా? లేక ఇద్దరూ కలిసే పోయారు, ఇక వచ్చేవాళ్లు ఎవరూ లేరా? ఆ పొద్దున నేను చూసింది నిజమైతే మా ఆయనను తీసుకుపోవడానికి ఆయన నాయిన వచ్చాడు, ఇక నాకు దిగులు లేదు. చెంబు ఒళ్లో పెట్టుకుని టౌరంగా పోతాను. నిజం కాకపోతే, బోర్లించి ఉన్న చెంబును చూసి మా ఆయన వెనక్కి మళ్లాడు. ఈ రెండింటిలో ఏదో నాకు చెప్పగల మనిషి ఒక్కతే ఉంది.

ఇన్నేళ్లలో ఆమెను చాలాసార్లు అడిగాను. ఆ రోజు ఏడుపులో ఉన్నానమ్మా, ఏం గుర్తు లేదంటుంది. మంచు అంటుంది, చలి అంటుంది, లేచి వంటింట్లోకి పోతుంది. చదువుకున్న పిల్ల, ఇక్కడ ఉద్యోగం చేసే పిల్ల, అలాంటి మాట నోటితో అనడానికి జంకుతుంది. నేను తప్పు పట్టను. కానీ కనబడని దాన్ని ఎవరైనా తప్పుకుని నడుస్తారా?

ఇందాక సుజాత మెట్టు దిగిన సంగతి చెబుతున్నప్పుడు పెన్ను ఆగింది. నాకు చదువు రాదు గానీ ఆగిన చెయ్యి తెలుస్తుంది. కాసేపటికి మళ్లీ కదిలింది, కొంచెం ఎక్కువసేపే కదిలింది. నేను చెప్పిందే రాసిందో, తను చూసింది రాసిందో, లేక అసలు మెట్టే దిగలేదని రాసిందో, కాగితం చూస్తే నాకు అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

"ఇగ సాలు సుజాతా. మొదటిసంది సదువు బిడ్డా, ఇంట. నువ్వు మెట్టు దిగిన కాడ జర నిమ్మలంగ సదువు."